బేగంబజారు వరఖు: అతిసూక్ష్మలోహకణముల చరిత్రము

మూసీనదికి నుత్తరముగా, అఫ్జలుగంజునకును గోషామహలునకును సమీపమున నున్న బేగంబజారు హైదరాబాదు నగరమందలి ప్రాచీనవాణిజ్యస్థలములలో నొకటి. రెండవ అసఫ్‌జా యగు నిజాం అలీఖాను 1762 మొదలు 1803 వఱకు రాజ్యమేలెను. ఆయన భార్య హుమ్దా బేగము ఈ భూమిని వర్తకులకు వ్యాపారనిమిత్త మొసఁగుటచే దీనికీ పేరు గలిగినదని ప్రసిద్ధి. గోసాయీలు, మార్వాడీలు, గుజరాతీలు ఇచ్చట కోఠీలు నెలకొల్పి, పందొమ్మిదవ శతాబ్దమున సంస్థానప్రభుత్వమునకే ఋణము లిచ్చునంతటివారైరి. రాఁగి పాత్రలు, ఇత్తడి పాత్రలు, ఎండుఫలములు, సుగంధద్రవ్యములు, పచారీసరకులు, పూజాద్రవ్యములు నేఁటికిని ఇక్కడ మొత్తపువర్తకముగా సాగుచున్నవి. మిఠాయిలమీఁదను తమలపాకుచిలుకలమీఁదను అంటించు వెండివరఖు గూడ నట్టి సరకులలోనిదే. ఊదినచో నెగిరిపోవును, వ్రేలితో నంటినచో నలిగి మాయమగును. లోహమై యుండియు లోహమువలె ప్రవర్తింపని యీ వస్తువు ఒక పెద్దవివాదమునకు సాక్షిగా నిలిచియున్నది.

లోహాదులను మిక్కిలి సూక్ష్మపఱచి, అందువలనఁ గలుగు క్రొత్తగుణముల నుపయోగించు విద్యకు నేఁడు నానోవిజ్ఞానమని వ్యవహారము. ఆ విద్యకు నానోటెక్నాలజీ యను పేరు పెట్టినవాఁడు జపానుదేశీయుఁడైన నోరియో తానిగూచి; సంవత్సరము 1974. వెండిని వరఖుగాఁ గొట్టినవారును, బంగారమును భస్మము చేసినవారును, తెలంగాణమున మూసలలో నుక్కు కరఁగించినవారును ఈ విద్యను ముందే యెఱిఁగియుండిరని కొందఱు వాదింతురు. అదియంతయు తెలియక చేసిన చేతిపనియే కాని శాస్త్రము గాదని మఱికొందఱందురు. విద్యార్థులకుఁ బాఠము చెప్పువారీ వివాదమునుండి తప్పించుకొనఁజాలరు. మొదటి పక్షమును నమ్మిన బాలుఁడు పెద్దవాఁడై భస్మమును పరీక్షింపకయే మ్రింగును. రెండవ పక్షమును నమ్మినవాఁడు పూర్వుల చేతిపనిలో నున్న పరీక్షాక్రమమును చూడకయే త్రోసివేయును. రెండును నష్టములే.

ఈ రెండు పక్షములును మూఁడు వేఱువేఱు విషయములను గలిపివేయుచున్నవి. సూక్ష్మకణమును జేయుట యొకటి. చేసిన దెట్టిదో, ఎందు కట్లు ప్రవర్తించునో తెలిసికొనుట రెండవది. దానిని హాని లేకుండ వాడుట మూఁడవది. ఈ మూఁటికిని చరిత్రలు వేఱు, కాలములు వేఱు. వానిని విడఁదీసి చూచినచో వివాదము చాలవఱకు శమించును.

పరిమాణవిచారము

మీటరులో నూఱుకోట్లవ వంతునకు నానోమీటరని పేరు. 1 మొదలు 100 నానోమీటర్ల వఱకుఁ గల కణములను సాధారణముగా నానోకణములందురు. ఇంతటి సూక్ష్మత మన ప్రాచీనప్రమాణములలో నున్నదా యని మొదట విచారింపవలెను.

మనుస్మృతి యెనిమిదవ యధ్యాయమున, గవాక్షముగుండ వచ్చిన సూర్యకిరణములో నగపడు ధూళికణము త్రసరేణువనియు, ప్రమాణములలో నదియే మొదటిదనియు నున్నది. ఎనిమిది త్రసరేణువు లొక లిక్ష. మూఁడు లిక్ష లొక రాజసర్షపము. మూఁడు రాజసర్షపము లొక గౌరసర్షపము. ఆఱు గౌరసర్షపము లొక యవ. మూఁడు యవ లొక కృష్ణలము, అనఁగా గురివెందగింజ. ఈ లెక్కచొప్పున నొక గురివెందగింజ యెత్తు 1,296 త్రసరేణువులు. గురివెందగింజ తూకము సుమారు 0.12 గ్రాములు. కావున నొక త్రసరేణువు మిల్లీగ్రాములో పదునొకండవ వంతునకు దగ్గఱగా నగును. ఇంత తూకముగల బంగారమును ఘనచతురస్రముగాఁ జేసినచో దాని భుజము సుమారు 0.17 మిల్లీమీటర్లుండును. అది కంటి కగపడు నలుసే. అంతటి బంగారములో 57 నానోమీటర్ల వ్యాసముగల గోళకణములు సుమారు 5,000 కోట్లు పట్టును.

దీనివలన తేలున దేమనఁగా, పూర్వుల తూనికలో మొదటిమెట్టు కంటి కగపడు నలుసేగాని యంతకంటె చిన్నది కాదు. న్యాయవైశేషికులు త్రసరేణువును మూఁడు ద్వ్యణుకములుగాను, ద్వ్యణుకమును రెండు పరమాణువులుగాను విభజించిరి. అయిన నది యనుమానసిద్ధము. ప్రత్యక్షముగాఁ గొలిచి చెప్పినది గాదు. అవయవవిభాగ మెచ్చటనో నిలువవలెను, లేనిచో మేరువునకును ఆవగింజకును సమానపరిమాణము ప్రసక్తించునన్న తర్క మది. ఆ తర్కము గొప్పది. కాని తర్కము తక్కెడ గాదు. పరమాణుశబ్దమును బట్టి నానోమీటరును గ్రంథములలో వెదకుట వ్యర్థము.

వరఖు నిర్మాణము

వరఖు కొట్టువారి నివాసము చార్మినారు పరిసరవీధులు. పలుచని వెండితునకలను చర్మపు పొరలనడుమ నొక్కొక్కటిగాఁ బేర్చి, కట్ట కట్టి, తోలుసంచిలో నుంచి, రాతిదిమ్మమీఁద సుత్తితో గంటలకొలఁది కొట్టుట ప్రాచీనపద్ధతి. దెబ్బ గట్టిగాఁ బడినచో ఱేకు చినుఁగును; మెత్తగాఁ బడినచో సాగదు; ఒకేచోటఁ బడినచో నడుమ చిల్లిపడి యంచులు దళసరి యగును. చేతికున్న యీ తెలివి పుస్తకమునకు రాలేదు. తండ్రినుండి కుమారునికి వచ్చినది. ఇట్లు తయారైన వరఖు నదికి నుత్తరపుబజారులలో మిఠాయివారికిని, యునానీ ఖమీరాలు చేయువారికిని సరకైనది.

భారతదేశపు ఆహారప్రమాణములనుబట్టి వరఖు తూకము చదరపుమీటరునకు 2.8 గ్రాములకు మించరాదు. వెండి వేయింట 999 పాళ్లు స్వచ్ఛమై యుండవలెను. వెండి సాంద్రత ఘనసెంటీమీటరునకు 10.49 గ్రాములు గనుక, పరమావధి తూకముగల వరఖు మందము సుమారు 267 నానోమీటర్లు. అనఁగా మిల్లీమీటరులో నాలుగువేలవ వంతుకంటె గొంచెము పెద్దది. నేఁటి నిర్వచనము ప్రకారము నానోద్రవ్యమనుటకు మందము 100 నానోమీటర్లలోపల నుండవలెను. కావున నీ మేరనున్న వరఖు ఆ గడపదగ్గఱకు వచ్చి నిలిచినదేగాని దాఁటినది గాదు. మఱియు నిది ఱేకు, ఒక్కదిక్కుననే సూక్ష్మము. కణము మూఁడు దిక్కులందును సూక్ష్మము. ఈ భేదమును మఱచుటచేతనే వరఖే నానోకణమను మాట పుట్టినది.

ఐనను వరఖువంటి ఱేకునుండియే యీ శాస్త్రము పుట్టినదనుట నిజము. ఆంగ్లదేశమున మైకేల్ ఫారడే 1857 ఫిబ్రవరి 5వ తేదీని రాయల్ సొసైటీలోఁ జేసిన బేకరీయోపన్యాసమునకు విషయము బంగారమునకును వెలుతురునకును గల సంబంధము. ఆయన చేతికి దొరకిన మొదటివస్తువు బంగారుపూఁత వేయువారు కొట్టిన ఱేకు. దాని మందము అంగుళములో 2,82,000వ వంతని యాయన లెక్కించెను. అది సుమారు 90 నానోమీటర్లు. ప్రతిఫలించిన వెలుతురులో పచ్చగాఁ గనఁబడు నా ఱేకు, ఆవలి వెలుతురునకెదురుగాఁ బట్టి చూచినపుడు ఆకుపచ్చగాఁ గనఁబడెను. బంగారపు లవణద్రావణమును భాస్వరముతో విఘటింపఁజేయఁగా కెంపువంటి ఎఱ్ఱని ద్రవమేర్పడెను. అందలి యెఱుపు బంగారమే యనియు, అది కంటికిఁ గానరానంత సూక్ష్మకణములుగా నీటిలో నిలిచియున్నదనియు ఫారడే నిశ్చయించెను. ఒకే బంగారము ఱేకుగా నొకరంగు, కణముగా మఱియొకరంగు. పదార్థము మాఱలేదు, పరిమాణము మాఱినది. ఈ విద్యకంతటికిని మూలసూత్రమిదియే.

తెలంగాణపు టుక్కు

ఫారడే దృష్టి దక్కను లోహములమీఁదఁ బడుట అది మొదటిమాఱు గాదు. బొంబాయినుండి హెలీనస్ స్కాటను వైద్యుఁడు లండనుకుఁ బంపిన ఉక్కును గూర్చి 1795లో జార్జి పియర్సన్ రాయల్ సొసైటీవారికి వ్యాసము చదివెను. అది వూట్జ్ అను పేరుతో వ్యవహరింపఁబడెను. ఇది ఉక్కు శబ్దమునకు వికృతరూపమని పలువుర యభిప్రాయము. 1819లో ఫారడే యా యుక్కును పరీక్షించి, దాని గుణమునకు అల్యూమినియము, సిలికాలవంటివి కారణములని వ్రాసెను. అది పొరపాటు. కారణము కర్బనమే. పరికరము సరిగా లేనపుడు ఎంతటి పరీక్షకుఁడైనను పొరపడునన్న విషయము ఇక్కడ గుర్తుంచుకొనఁదగినది.

ఈ యుక్కునకుఁ బేరుపొందిన స్థలములలో నొకటి నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రము. త్రికోణమితి సర్వేలో వైద్యుఁడును భూగర్భశాస్త్రవేత్తయు నైన హెన్రీ వాయిసీ 1824లో మరణించెను. ఆయన కోనసముద్రమునుగూర్చి వ్రాసిన వర్ణనము 1832లో బెంగాలు ఏషియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడెను. రెండు తావుల యినుమును గలిపి, మూసలో నుంచి, మూఁతవేసి, బొగ్గులకొలిమిలో దీర్ఘకాలము కరఁగించి మెల్లగాఁ జల్లార్చెడివారు. అచ్చటికి ఇస్ఫహానునుండి వచ్చిన పారసీకవర్తకుఁ డొకఁడు దగ్గఱ నిలుచుండి, పాళ్లను తాను తూఁచి, ఉక్కును తాను పరీక్షించి కొనుచుండెనఁట. అమ్మువానికిఁ జేయుట తెలియును. కొనువానికి పరీక్షించుట తెలియును. లోపలి నిర్మాణ మెట్టిదో ఇరువురకును దెలియదు.

ఆ లోపలి నిర్మాణము రెండువందల యేండ్లకుఁగాని కంటఁబడలేదు. పదునేడవ శతాబ్దమునాఁటి అసదుల్లా కత్తి యొకటి బెర్న్ నగరపు చరిత్రప్రదర్శనశాలలో నుండెను. డ్రెస్డెను విశ్వవిద్యాలయమున పీటర్ పౌఫ్లరు మొదలగువారు దాని తునకను హైడ్రోక్లోరికామ్లమున కరఁగించి, మిగిలినదానిని ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితోఁ జూచి, కర్బనపు నానోనాళములును, సిమెంటైటు తంతువులును గనఁబడినవని 2006 నవంబరులో నేచర్ పత్రికలోఁ బ్రకటించిరి. జాన్ వెర్‌హోవెన్‌వంటి లోహవేత్తలు ఆ కడ్డీరూపములు సిమెంటైటువే కావచ్చునని సందేహించిరి. ఆ సందేహ మెట్లున్నను, సూక్ష్మనిర్మాణముగల యుక్కు భారతదేశపు మూసలనుండి వెలువడినదనుటలో సందేహము లేదు. దానిని జేసినవా రది యెట్టిదో యెఱుఁగరనుటలోను సందేహము లేదు.

రసభస్మములు

వరఖు, ఉక్కులకంటె భస్మముల విషయము క్లిష్టము. ఏలయన వీనిని మనుష్యుఁడు లోనికిఁ దీసికొనును. ఆంధ్రదేశమున రసవిద్య పేరెత్తఁగానే నాగార్జునుఁడును శ్రీశైలమును స్మరణకు వచ్చుట సహజము. ఆనందకందమను రసగ్రంథమున శ్రీశైలసిద్ధస్థలముల వర్ణనము విస్తారముగా నున్నది. సంస్కృతాంధ్రమిశ్రమైన బసవరాజీయమున రసయోగములు పెక్కులు. కాని నాగార్జునుల విషయమున జాగ్రత్త వలయును. ఏడవ శతాబ్దమునఁ జీనాయాత్రికుఁడు హ్యూయన్‌త్సాంగు, నాగార్జునుఁడు శాతవాహనరాజునకు సాహాయ్యముగా ఱాళ్లను బంగారముగా మార్చెనన్న కథను వ్రాసెను. 1030 ప్రాంతమున అల్బెరూనీ, రసవేత్త యగు నాగార్జునుఁడు తనకు సుమారు నూఱేండ్ల పూర్వము సోమనాథసమీపమున నుండెనని వ్రాసెను. మాధ్యమికాచార్యుఁడు వీరిలో నొకఁడని చెప్పుటకు ఆధారము చాలదు. ఒక నాగార్జునుని కీర్తిని మఱియొకనికిఁ జేర్చి, నాగార్జునకొండ శిథిలములలో రసశాలను ఊహించుట చరిత్ర గాదు.

వ్యక్తిని విడిచి విధానమును జూచినచో గట్టిభూమి దొరకును. లోహమును ముల్లు గ్రుచ్చినఁ దిగునంత పలుచని ఱేకులుగాఁ జేయుదురు, ఇవియే కంటకవేధిపత్రములు. అనగా భస్మమునకును వరఖునకును ప్రారంభమొక్కటే. ఆ ఱేకులను శోధించి, మూలికారసములతోను ఖనిజములతోను నూఱి, శరావసంపుటమున బంధించి, పిడకలతో పుటము వేయుదురు. నూఱుట, పుటము వేయుట మాటిమాటికి జరుగును. అభ్రకమునకు శతపుటి, సహస్రపుటి యను వ్యవహారము గలదు. యునానీ వైద్యులు ఇట్టివానినే కుష్తాలందురు.

పూర్తియైనదో లేదో తెలియుటకు రసరత్నసముచ్చయపు పరిభాషాధ్యాయమున పరీక్ష లున్నవి. బొటనవ్రేలికిని చూపుడువ్రేలికిని నడుమ రుద్దినపుడు రేఖలలో దూరుట రేఖాపూర్ణత. నిశ్చలమైన నీటిపైఁ దేలుట వారితరత్వము. తేలుచున్న భస్మముపై నొక ధాన్యపుగింజ నుంచినను మునుఁగకుండుట ఊనమము. బెల్లము, గురిగింజ, నెయ్యి, తేనె, వెలిగారములతోఁ గలిపి కాల్చినను మరల లోహము కాకుండుట అపునర్భవము. వెండితోఁ గలిపి కాల్చినపుడు వెండికి తూకము పెరుగకుండుట నిరుత్థత. అభ్రకాదులందు మెఱపు మిగులకుండుట నిశ్చంద్రత.

ఈ పరీక్షలు నిజముగా పరీక్షలే. మొదటి మూఁడును పొడి సూక్ష్మతను, తరువాతి రెండును రసాయనపరిణామమును, చివరిది రెంటిని జూచునవి. చేసినవాని మాటను నమ్మక, వస్తువునే యడుగు బుద్ధి వీనిలోఁ గలదు. పూర్వులపని గ్రుడ్డిపని యన్నవారికి ఇది చాలిన సమాధానము.

అయినను వీనికి మేర గలదు. వ్రేలిరేఖ మిల్లీమీటరులో భాగము. పది మైక్రోమీటర్ల పొడి యందు దూరును, తలతన్యతచే నీటిపైఁ దేలును. పది మైక్రోమీటర్లనఁగా 10,000 నానోమీటర్లు. కావున రేఖాపూర్ణమైనదెల్ల నానోకణము గాదు. 2007లో ఆస్ట్రేలియాలోని పరిశోధకులు స్వర్ణభస్మము నొకదానిని పరిశీలించి, అందు బంగారము లోహరూపముననే యున్నదనియు, స్ఫటికకణముల సగటు పరిమాణము సుమారు 57 నానోమీటర్లనియు ప్రకటించిరి. ఆ కణములు గుంపులు గట్టి పెద్దరేణువులై యుండెను. ఒక భస్మమునకు వచ్చిన యీ ఫలితమును అన్ని భస్మములకును అన్వయింపరాదు. సీసపు భస్మము, పాదరసయోగములు వేఱు. చేతి మాఱినకొలఁది, పుటము మాఱినకొలఁది వస్తువు మాఱును.

పరిజ్ఞానము

చేయుటకును తెలియుటకును నడుమనున్న దూరమును దాఁటించినవి పరికరములు. ఫారడే నిశ్చయించినది అనుమానమే. కణమును ఆయన చూడలేదు. 1903 ప్రాంతమున రిచర్డు జిగ్మొండీ, సీడెంటాఫులు అతిసూక్ష్మదర్శినిని నిర్మించి, ప్రక్కనుండి వెలుతురు పంపి, ద్రవములోని కణములను మెఱపుచుక్కలుగాఁ జూపిరి. చీఁకటిగదిలో కిరణమునడుమ త్రసరేణువు అగపడుటకును దీనికిని సూత్రమొక్కటే యగుట గమనింపఁదగినది. జిగ్మొండీకి 1925వ సంవత్సరపు రసాయనశాస్త్ర నోబెల్ బహుమానము లభించెను. 1908లో గుస్తావ్ మీ బంగారుకణముల రంగునకు గణితకారణము చెప్పెను. 1931లో రుస్కా, నోల్ అనువారు ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినికి నాందిపలికిరి. అనుమానసిద్ధమైనది ప్రత్యక్షమైనది.

అప్పుడు కారణమును దెలిసినది. సెంటీమీటరు భుజముగల ఘనమునకు ఉపరితలము 6 చదరపుసెంటీమీటర్లు. దానినే 10 నానోమీటర్ల భుజముగల ఘనములుగాఁ గోసినచో మొత్తపుటుపరితలము 600 చదరపుమీటర్లగును. లోపల దాఁగియున్న పరమాణువులలో పెక్కులు పైకి వచ్చును. రసాయనక్రియ యుపరితలముననే జరుగును గనుక, జడమనిపించుకొన్న లోహము చుఱుకైనదగును. వెండి సూక్ష్మజీవులను జంపుట, బంగారము స్వల్పోష్ణమునకే కరఁగుట మొదలగునవి ఇందుండియే వచ్చును. మందు కాఁగల శక్తియు, విషము కాఁగల శక్తియు ఒకే ద్వారమున వచ్చినవి. కావున నీ విద్యలో క్షేమవిచారము చివరి యలంకారము గాదు. మొదటి ప్రశ్నతోడనే పుట్టినది.

క్షేమవిచారము

హైదరాబాదునందే దీనికి మంచి దృష్టాంతము గలదు. సంస్థానప్రభుత్వము 1944లో స్థాపించిన శాస్త్రపారిశ్రామిక పరిశోధనశాల క్రమముగా తార్నాకలోని భారత రసాయన సాంకేతిక సంస్థయైనది. అచ్చటి విషశాస్త్రవేత్తలు అల్యూమినియము ఆక్సైడును మూఁడు పరిమాణములలోఁ దీసికొనిరి: 30 నానోమీటర్లు, 40 నానోమీటర్లు, 50 మొదలు 200 మైక్రోమీటర్ల వఱకుఁ గల సామాన్యపుపొడి. శరీరభారమున కిలోకు 500, 1,000, 2,000 మిల్లీగ్రాముల చొప్పున నెలుకలకు నోటిద్వారా నిచ్చి, రక్తకణములలోని డి.ఎన్.ఎ.ను పరీక్షించిరి. 2009లోఁ బ్రకటింపఁబడిన ఫలితమిది: సూక్ష్మపుపొడులవలన మోతాదు పెరిగినకొలఁది హాని పెరిగెను, సామాన్యపుపొడివలన గణింపఁదగిన హాని గానరాలేదు. ఇవి మిక్కిలి పెద్దమోతాదులు. మనుష్యుఁడు నిత్యము తినునవి గావు. కాని ఒక విషయము స్థిరపడినది. పేరొక్కటే, సూత్రమొక్కటే యైనను, పరిమాణము వేఱైనచో పరీక్షయు వేఱుగా జరుగవలెను. "ఇది పూర్వమునుండి తినుచున్నదే" యన్న వాక్యము సామాన్యపుపొడికిఁ జెల్లినను, సూక్ష్మకణమునకుఁ జెల్లదు.

భస్మముల విషయమున హెచ్చరిక విదేశమునుండి వచ్చినది. అమెరికాలోని బోస్టను ప్రాంతపు దుకాణములలోఁ గొన్న 70 ఆయుర్వేదౌషధములలో 14 యందు సీసము, పాదరసము, ఆర్సెనిక్కులలో నొకటి గాని యెక్కువ గాని కలదని 2004లోఁ బ్రకటించిరి. అదే పరిశోధకులు 2008లో 193 ఔషధములను పరీక్షింపఁగా రసౌషధములలో నూటికి 40.6, తక్కినవానిలో నూటికి 17.1 చొప్పున నీ లోహములు గనఁబడెను. రసౌషధమున లోహముండుట వింత గాదు, అది యుద్దేశపూర్వకము. కాని మూలికలతో మాత్రమే చేసినవన్నవానిలో నీ లోహము లేల? ఉద్దేశపూర్వకముగా నున్నదానిలో నెంత, ఏ రూపమున, ఎంత జీర్ణమగును? ఈ ప్రశ్నలకు రేఖాపూర్ణత సమాధానము చెప్పలేదు. సీసము సన్నగా నూఱినకొలఁది శరీరమునఁ జేరుట సులభమగునేగాని కష్టము గాదు. పొడి సూక్ష్మమగుటయే క్షేమమునకు సాక్ష్యమన్నవాదము ఇక్కడ తలక్రిందులగుచున్నది.

వరఖు విషయమునను ఈ విచారము జరిగినది. 2016లో భారత ఆహారభద్రతా ప్రమాణసంస్థ వరఖుతయారీలో నేదశయందును జంతుసంబంధమైన వస్తువును వాడరాదని నియమించెను. దానితోఁ జర్మపుపొరల పద్ధతికి చట్టసమ్మతి లేకపోయెను. కాగితపుపొరలును యంత్రములును వచ్చినవి. వెండికి బదులు అల్యూమినియము కలుపుట మఱియొక బాధ. దానికి నేఁటికిని చెప్పెడి పరీక్ష మిక్కిలి సులభము: నిజమైన వెండివరఖు కాల్చినచో తెల్లగా మెఱయు చిన్నగుండుగా మిగులును, అల్యూమినియము బూడిదరంగు మసియగును. నిరుత్థపరీక్షకు బంధువువంటిదే యిది. 2016లోనే ఐరోపా ఆహారభద్రతాసంస్థ, ఆహారమున వాడు వెండికి క్షేమము నిర్ణయించుటకు సమాచారము చాలదనియు, కణపరిమాణమును నిర్దేశింపవలెననియుఁ జెప్పెను.

పదిసెంటీమీటర్ల భుజముగల వరఖుచదరము పరమావధి తూకమున 28 మిల్లీగ్రాముల వెండి. త్రాగునీటిలో భారతీయప్రమాణము ఐ.ఎస్. 10500 అనుమతించునది లీటరునకు 0.1 మిల్లీగ్రాము, అనఁగా నొక చదరములోని వెండి 280 లీటర్ల నీటికి మేర. ఈ రెండంకెలను నేరుగాఁ బోల్చి భయపడుట తగదు. ఱేకువెండి చాలవఱకు కరఁగకయే పోవును, నీటిలోనిది కరఁగినది. కాని పోల్చుటకు వీలులేకపోవుటకుఁ గారణమే రూపభేదము. ఎంత తింటిమనుట చాలదు. ఏ రూపమునఁ దింటిమనుట చెప్పవలెను.

క్షేమముతోఁ గూడిన వాడుకకును నగరమున నుదాహరణము గలదు. బాలాపురములోని ఏ.ఆర్.సి.ఐ. యను పరిశోధనకేంద్రమువారు నీటివడపోతకు వాడు పింగాణికొవ్వొత్తులలో నానోవెండిని నిలిపెడి పద్ధతిని రూపొందించిరి. ఇందు రెండుపనులు ఒక్కసారి జరుగవలెను: వెండి సూక్ష్మజీవులను జంపవలెను, వెండి నీటిలోనికిఁ బోరాదు. మొదటిది నిర్మాణము, రెండవది క్షేమము, రెంటికిని మధ్య కొలత. 2019లో భారతప్రభుత్వపు జీవసాంకేతికశాఖ నానోఔషధముల మూల్యాంకనమునకు మార్గదర్శకములు వెలువరించి, ఔషధపుఁ బేరుతోఁగాక పరిమాణము, రూపము, ఉపరితలములతో పరీక్ష జరుగవలెనన్న సూత్రమును స్థిరపఱచెను.

ఉపసంహారము

నిర్మాణము మనదేశమునఁ బ్రాచీనము. వరఖు కొట్టిన చేయి, కోనసముద్రపు మూస, రసవైద్యుని పుటము దానికి సాక్షులు. పరీక్షాబుద్ధియుఁ బ్రాచీనమే, రసరత్నసముచ్చయపు పరిభాష దానికి సాక్షి. పరిజ్ఞానము మాత్రము 1857 తరువాతిది, పరికరములతో వచ్చినది, ఏ యొక్కదేశమువారిదియుఁ గాదు. క్షేమవిచారము అంతకంటెను క్రొత్తది. ఇంకను జరుగుచునే యున్నది. పూర్వులు నానోవిజ్ఞానము నెఱుఁగుదురనుట రెండవదానిని మొదటిదానితోఁ గలుపుట. వారికేమియుఁ దెలియదనుట మొదటిదానిని రెండవదానితోఁ గొట్టివేయుట.

వారితరమైనదా యని యడిగిన రసవైద్యుఁడును, ఉక్కును తానే పరీక్షించి కొన్న పారసీకవర్తకుఁడును, వరఖును కాల్చి గుండు చూచిన మిఠాయివాఁడును చేసినపని యొక్కటే: వస్తువును పేరుతో నంగీకరింపలేదు. నేఁటి పరిశోధకుఁ డడుగు ప్రశ్నలు మఱింత సూక్ష్మములు: కణమెంత, రూపమెట్టిది, ఎంత కరఁగును, శరీరమున నెచ్చటికిఁ బోవును. పూర్వులకు నిజమైన వారసత్వము ఈ ప్రశ్నల నడుగుటయందున్నదిగాని, సమాధానములు వారికి ముందే తెలియునని చెప్పుటయందు లేదు. బేగంబజారు దుకాణమున కాగితపుపొరల నడుమ నుండి తీసిన వరఖు ఒక్క యూపిరికే యెగిరిపోవును. దానినిగూర్చి చెప్పెడి మాటలు మాత్రము తూకముగలవై యుండవలెను.